మిద్దె మీద నల్ల దుబ్బ, బోరింగు నీళ్ళు ఎరుపు, పిల్లల పళ్ళకు చారలు: మూడూ కంపెనీ పొగ వల్లనేనా?

రాజురా_తాలూకా:

నమస్తే అందరికి. ఊరు చంద్రపూర్ జిల్లా రాజురా తాలూకాల ఉన్నది. ఓపెన్‌కాస్టు గని మూడు కిలోమీటర్ల లోపలనే. ఒక దిక్కు సిమెంటు కంపెనీ, ఇంకో దిక్కు బొగ్గు లారీల రోడ్డు. పొద్దున మిద్దె ఊడిస్తే పిడికెడు నల్ల దుబ్బ వస్తది, చలికాలం ఇంకా ఎక్కువ. బోరింగు నీళ్ళు కొట్టినప్పుడు తేటగనే ఉంటయి, బిందెల కాసేపు పెడితే ఎర్రబడి అడుగుకు తుప్పు లెక్క దిగుతది. బడి పిల్లలల్ల చాలామందికి ముందటి పళ్ళ మీద తెల్లటి, గోధుమ రంగు చారలున్నయి. ఊర్ల అందరు "అంతా కంపెనీ పొగనే" అంటున్నరు. గ్రామసభల పెట్టి ఫిర్యాదు ఇయ్యాలని ఉన్నది. దేనికి ఏది కారణమో ఎట్ల తేల్చుకోవాలె? అప్పటిదాక ఇంట్ల ఏం జాగ్రత్త పడాలె? మాస్కులు, ఆర్వో మిషన్లు అమ్మెటోళ్ళు రోజూ వస్తున్నరు, వాళ్ళ మాట ఎంతవరకు నమ్మొచ్చు?

గాలి_లెక్క:

అన్నా, మూడింటినీ ఒకే ఖాతాలో రాయకండి. ఒకటి తప్పని అవతలివాళ్ళు నిరూపిస్తే మిగతా రెండూ కొట్టుకుపోతాయి. నీళ్ళ సంగతి తెలిసినవాళ్ళు చెప్తారు, నేను దుమ్ము గురించి రాస్తాను.

ముందు అది ఏ దుమ్మో తేల్చుకోండి. మిద్దె నాలుగు మూలలా నాలుగు తెల్ల టైల్స్ పెట్టి సాయంత్రం తుడిచి, పొద్దున చూడండి. వేలితో రుద్దితే నల్లగా అంటుకుని గీత పడితే బొగ్గు పొడి. బూడిద రంగులో మెత్తగా ఉండి ఊదితే లేచిపోతే థర్మల్ ప్లాంటు బూడిద అనుకోవచ్చు. తెల్లగా ఉండి మంచు తడికి గడ్డకట్టి, నిమ్మరసం చుక్క వేస్తే బుసబుస పొంగితే సున్నపురాయి, అంటే సిమెంటు వైపు నుంచి వచ్చింది. అయస్కాంతాన్ని కాగితంలో చుట్టి ఆడించినప్పుడు గుత్తులుగా అంటుకుంటే స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీని అనుమానించండి. నాలుగు రేణువులు అంటితే మాత్రం లెక్క కాదు, రోడ్డు మట్టిలోనూ ఆ మాత్రం ఇనుము ఉంటుంది. ఏ మూల టైల్ మీద ఎక్కువ పడిందో, ఆ రాత్రి గాలి ఎటు నుంచి వీచిందో పక్కన రాసుకుంటే మూలం దానంతట అదే బయటపడుతుంది.

అయితే మిద్దె మీద పడిన దుమ్ము ఊపిరితిత్తుల లోతుకు పోయే రకం కాదు. వంద మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) రేణువు సెకనుకు దాదాపు పాతిక సెంటీమీటర్ల వేగంతో దిగుతుంది, పది మీటర్ల ఎత్తు నుంచి నలభై సెకన్లలో నేల మీద ఉంటుంది. పది మైక్రాన్లది అదే ఎత్తు దిగడానికి గంట దాకా పడుతుంది. ఒక మైక్రాన్‌ది మూడు రోజులైనా గాలిలోనే తేలుతుంది. ఈ చివరి రకమే, అంటే రెండున్నర మైక్రాన్ల లోపుండి పీఎం 2.5 అని లెక్కగట్టేది, గాలితిత్తుల చివరి సంచుల దాకా వెళ్ళి, అందులో బాగా సన్ననిది రక్తంలోకీ చేరుతుంది. దగ్గు, ఆస్తమాతో ఆగదు, గుండెపోటు, పక్షవాతం కూడా పెరుగుతాయి. మిద్దె శుభ్రంగా ఉందంటే గాలి బాగుందని కాదు. ఇరవై నాలుగు గంటల సగటు మీద మన దేశపు హద్దు ఘనపు మీటరుకు పీఎం 10కి (పది మైక్రాన్ల లోపుదానికి) 100, పీఎం 2.5కి 60 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పీఎం 2.5కి 15 చాలంది.

థర్మల్ ప్లాంటు పొగగొట్టం లెక్క కూడా చూడండి. మన బొగ్గులో మూడో వంతుకు పైగా బూడిదే. టన్ను బొగ్గు కాలిస్తే 350 కిలోల బూడిద అనుకుందాం, అందులో నూటికి ఎనభై పాళ్ళు, అంటే 280 కిలోలు, పొగతో పాటు పైకి లేస్తుంది. దాన్ని పట్టేది ఈఎస్పీ, అంటే కరెంటుతో బూడిదను లాగి పట్టే యంత్రం. అది 99.9 శాతం పడితే గొట్టం నుంచి పోయేది 280 గ్రాములు. అందులో ఒక ఫీల్డు (ఒక భాగం) చెడి 99 శాతానికి దిగితే 2.8 కిలోలు! చూసేవాడికి "99 శాతం పనిచేస్తోంది కదా" అనిపిస్తుంది, పడేది మాత్రం పది రెట్లు. యూనిట్ కొత్తగా వెలిగించేటప్పుడు ఆయిల్ మండిస్తారు, ఈఎస్పీ ఇంకా పూర్తిగా చేతికి రాదు, నల్ల పొగ అప్పుడే ఎక్కువ. 275 మీటర్ల గొట్టం కాలుష్యాన్ని తగ్గించదు, దూరం పంపుతుంది. సల్ఫర్ డయాక్సైడ్ ఆ దూరంలోనే సల్ఫేట్ రేణువులుగా మారి పీఎం 2.5 అవుతుంది. 2015 డిసెంబర్‌లో కేంద్రం దీనికి కొత్త హద్దులు పెట్టింది, గడువులు మాత్రం జరుగుతూనే వచ్చాయి.

చలికాలం ఎందుకు ఎక్కువంటే, రాత్రి నేల చల్లబడి పైన వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. పగలు పైకి పోయేదంతా ఊరి మీదే నిలుస్తుంది. అందుకని చీకటి పడ్డాక, తెల్లవారుజామున కిటికీలు మూసి, పదకొండు నుంచి నాలుగు మధ్య తెరవండి. పొడి చీపురు మానేసి తడిగుడ్డ పెట్టండి, ఊడ్చినప్పుడు సన్న దుమ్ము మళ్ళీ లేస్తుంది. మాస్కు అంటే ఎన్95 మాత్రమే, అదీ ముక్కు పక్కల సందు లేకుండా ఉంటేనే. రుమాలు లారీ దుమ్మును ఆపుతుంది, పొగను ఆపదు.

ఊళ్ళో బొగ్గు సిగిడి (కుంపటి) కాలుస్తుంటే దాన్ని లెక్కలోంచి తీసేయకండి. పొద్దున ఆరింటికి గల్లీలో తేలే పొగలో దాని వాటా పెద్దది. ఇంకో ప్రమాదం ఉంది. సిగిడిని బయట రాజేసి, పొగ పోయి ఎర్ర నిప్పులయ్యాక "ఇక పర్లేదు" అని పడకగదిలో పెడతారు. పొగ పోయినా కార్బన్ మోనాక్సైడ్ పోదు, ఎర్ర నిప్పుల నుంచే అది బాగా వస్తుంది, వాసన ఉండదు. తలుపు మూసి పడుకుంటే తలనొప్పి, వాంతి, తరవాత లేవరు. గదిలోకి అసలు తేకండి.

బోరు_పరీక్ష:

పళ్ళ చారలకు పొగతో సంబంధం పెట్టకండి. రెండు వైపులా ఒకే జత పళ్ళ మీద, అడ్డంగా, సున్నపు తెలుపు నుంచి గోధుమ రంగు దాకా చారలుంటే ఫ్లోరైడ్‌నే ముందుగా అనుమానించాలి. పన్ను దవడలో తయారయ్యేటప్పుడే, అంటే ఎనిమిదేళ్ళ లోపు తాగిన నీళ్ళ వల్ల అది వస్తుంది, తోమితే పోదు. ఖర్రా (పొగాకు, వక్క కలిపి నమిలేది) మరక వేరు. అది చిగురు అంచున, పళ్ళ లోపలి వైపు పేరుకుంటుంది, డాక్టరు గీకితే వస్తుంది. పెద్ద పిల్లల్లో రెండూ కలిసి ఉంటాయి కాబట్టి ఖర్రా ముట్టని చిన్న తరగతుల వాళ్ళను చూసి లెక్క రాయండి. పెద్దవాళ్ళలో ఎముకలకు పట్టిందేమో చూడటానికి మోకాళ్ళు వంచకుండా కాలివేళ్ళు ముట్టుకోమనండి, గడ్డం ఛాతీకి ఆనించమనండి, చేతులు తల వెనక పెట్టమనండి. ఈ మూడూ చాలామందికి కష్టమైతే ఆ బోరు నీళ్ళు తాగడానికి ఆపించాల్సిందే.

ఇది నేల కింది రాయి నుంచి వచ్చేది. ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాల మధ్య నీళ్ళు ఏళ్ళ తరబడి నిలిస్తే కరిగి దిగుతుంది. క్షారం ఎక్కువ, కాల్షియం తక్కువ ఉన్న నీటిలో మరీ ఎక్కువ. లోతు బోరులో ఉండి, పక్కనే ఉన్న పాత బావిలో లేకపోవచ్చు. కాబట్టి "ఇంకో వంద అడుగులు వేద్దాం" అనేది ఇక్కడ చాలాసార్లు బెడిసికొట్టే ఆలోచన. మన ప్రమాణం ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేనప్పుడు 1.5 వరకు.

ఎరుపు ఇనుముది. నేల కింద గాలి తగలక కరిగి ఉంటుంది, బిందెలో గాలి తగిలి తుప్పుగా మారి దిగుతుంది. అది నీటిలోదో, బోరింగు పైపుదో తేల్చడం తేలిక. పొద్దున మొదటి బిందె, వంద సార్లు కొట్టాక ఇంకో బిందె పట్టి పక్కపక్కన పెట్టండి. రెండోది తేటగా మిగిలితే పైపు, రాడ్లు తుప్పుపట్టాయని అర్థం, మార్చమని అడగండి. రెండూ ఒకేలా ఎర్రబడితే నీటిలోనే ఉంది. చిల్లుల పళ్ళెం మీదుగా ఎత్తు నుంచి ధారగా పోసి, రాత్రంతా నిలిపి, ఇసుక మీదుగా వడకడితే చాలా భాగం పోతుంది. ఇనుము వల్ల రుచి, బట్టల మరకలే గానీ ఫ్లోరైడ్ అంత హాని లేదు. రంగు కనిపిస్తుంది కాబట్టి జనం ఇనుముకు భయపడతారు. ఫ్లోరైడ్‌కు రంగూ రుచీ లేవు, అందుకే ఆ బోరు దగ్గరే వరుస కడతారు.

ఓపెన్‌కాస్టు పక్కన కాబట్టి సల్ఫేట్, గట్టితనం, పీహెచ్ (ఆమ్లమా క్షారమా చెప్పే అంకె, తగ్గితే ఆమ్లం) కూడా చూపించండి. బొగ్గు పొరల్లోని పైరైట్‌కు (ఇనుము, గంధకం కలిసిన ఖనిజానికి) గాలీ నీరూ తగిలితే ఆమ్లం పుడుతుంది, గని నీళ్ళలో సల్ఫేట్ పెరుగుతుంది. అలా వచ్చిన గట్టితనం కాచినా పోదు. ఫ్లోరైడ్ ఎక్కువుండి సల్ఫేట్ మామూలుగా ఉంటే గనిని అనడానికి లేదు. సల్ఫేట్ లీటరుకు 400 మిల్లీగ్రాములు దాటి పీహెచ్ దిగితే గనిని అడగాలి.

నమూనా తీసే పద్ధతి తప్పితే రిపోర్టు చెల్లదు. బోరు అయిదు నిమిషాలు కొట్టి వదలండి. లీటరు ప్లాస్టిక్ సీసాను అదే నీటితో మూడుసార్లు కడిగి అంచుదాకా నింపండి. గాజు సీసా వద్దు, ఫ్లోరైడ్ గాజుతో కలుస్తుంది. లోహాల పరీక్షకు వేరే సీసా, అందులో నైట్రిక్ యాసిడ్ ల్యాబువాళ్ళే వేసి ఇస్తారు. క్రిముల పరీక్షకు వాళ్ళిచ్చిన శుద్ధి చేసిన సీసానే వాడాలి, దాన్ని కడగకూడదు, ఐస్‌లో పెట్టి అదే రోజు చేర్చాలి. మే నెలలో ఒకసారి, వానలు పోయాక నవంబర్‌లో ఒకసారి తీయిస్తే తేడా తెలుస్తుంది. జల్ జీవన్ మిషన్ కింద పంచాయతీలకు ఫీల్డ్ కిట్లు ఇచ్చారు, మొదటి వడపోతకు అవి చాలు. ఫిర్యాదుకు మాత్రం ల్యాబ్ కాగితమే కావాలి.

రాజురా_తాలూకా:

బాగ సమజైంది. ఆర్వో ఆయన వచ్చి పెన్ను పెట్టి చూసిండు, 310 చూపెట్టింది, "500 లోపు ఉన్నది, మామూలు మిషన్ చాలు" అన్నడు. ఇంకొకాయన రెండు గ్లాసులల్ల కరెంటు పెట్టి మా నీళ్ళు నల్లగ చేసి చూపెట్టిండు. కాచి తాగుమని కొందరు చెప్తున్నరు. ఏది నిజం?

బోరు_పరీక్ష:

పెన్ను చూపేది కరిగిన లవణాలన్నీ కలిపిన మొత్తం, దాన్నే టీడీఎస్ అంటారు. 310 ఉన్న నీటిలో ఫ్లోరైడ్ 3 ఉండొచ్చు, 900 ఉన్నదాంట్లో 0.5 ఉండొచ్చు. కరెంటు ఆట మోసం. అందులో ఒక జత కడ్డీలు ఇనుమువి, కరెంటుకు ఆ ఇనుమే కరిగి నల్లగా, గోధుమగా గడ్డకడుతుంది. అతని సీసాలోని నీటిలో లవణాలు లేవు కాబట్టి కరెంటు పారదు, తేటగా ఉంటుంది. అతని సీసాలో చిటికెడు ఉప్పు వేసి మళ్ళీ పెట్టమనండి.

కాచితే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది.

ఆర్వో ఫ్లోరైడ్‌ను నూటికి 85 నుంచి 95 పాళ్ళు తీస్తుంది. ఎక్కడ చెడుతుందో చూడండి: చాలా మిషన్లకు "రుచి కోసం" అని ఒక టీడీఎస్ వాల్వు ఉంటుంది. అది పచ్చి నీటిని పక్కదారిన తెచ్చి శుద్ధి చేసిన నీటిలో కలుపుతుంది, ఫ్లోరైడ్ కూడా దాంతోనే తిరిగొస్తుంది. పూర్తిగా మూయించండి. తాగడానికి మాత్రమే వాడి, పప్పూ అన్నం బోరు నీటితో వండితే సగం లాభం పోయినట్టే, అవి నీటిని పీల్చుకుంటాయి. లీటరు మంచినీటికి రెండు మూడు లీటర్లు వృథాగా పోతుంది, అందులో ఫ్లోరైడ్ చిక్కగా ఉంటుంది. గిన్నెలకు, బాత్రూముకు వాడుకోండి, పశువుల తొట్టిలో పోయకండి, ఇంకుడు గుంతలో అసలే వద్దు.

పటిక_పద్ధతి:

ఆర్వోకు డబ్బు, కరెంటు లేని ఇళ్ళకు నల్గొండ పద్ధతి ఉంది. నాగ్‌పూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థవాళ్ళు తయారు చేసింది. కావలసినవి పటిక, సున్నం, అడుగుకు నాలుగు సెంటీమీటర్ల పైన కుళాయి ఉన్న బకెట్టు.

పటిక ఎంత వేయాలన్నది ఫ్లోరైడ్‌తో పాటు నీటి క్షారత మీద ఆధారపడుతుంది, అందుకే రిపోర్టులో క్షారత కూడా రాయించండి. ఫ్లోరైడ్ 3, క్షారత 300 అయితే లీటరుకు సుమారు 350 మిల్లీగ్రాముల పటిక. ఫ్లోరైడ్ 2, క్షారత 200 అయితే సుమారు 220. వంటింట్లో మిల్లీగ్రాములు తూచలేం కాబట్టి వంద గ్రాముల పటిక పొడిని నీటిలో కరిగించి మొత్తం లీటరు చేసి పెట్టుకోండి. దాంట్లో ఒక మిల్లీలీటరుకు వంద మిల్లీగ్రాములు. మొదటి లెక్కన ఇరవై లీటర్ల బకెట్టుకు 70 మిల్లీలీటర్లు పడుతుంది, మందు సీసా మూత లేదా సిరంజితో కొలవొచ్చు. సున్నం పటికలో ఇరవయ్యో వంతు, అంటే ఈ బకెట్టుకు మూడో వంతు గ్రాము, చిటికెడు.

ముందు సున్నం, తరవాత పటిక. నిమిషం గబగబా కలిపి, పది పదిహేను నిమిషాలు మెల్లగా తిప్పాలి. దూదిలాంటి పొరకలు లేస్తాయి, వాటిని చితక్కొట్టకూడదు. గట్టిగా తిప్పితే విరిగి, దిగక, నీళ్ళు మబ్బుగానే ఉంటాయి. గంట నుంచి రెండు గంటలు కదలకుండా ఉంచి కుళాయి నుంచి గుడ్డ మీదుగా పట్టండి, అడుగు బురదతో సహా వంచకండి. పటిక ఎక్కువైతే పీహెచ్ పడిపోయి అల్యూమినియం నీటిలో మిగులుతుంది, పులుపు తగిలితే అదే గుర్తు. టీడీఎస్ 1500, గట్టితనం 600 దాటిన నీటికి ఇది పనికిరాదు. నెల తరవాత శుద్ధి చేసిన నీటిని కూడా పరీక్షకు పంపండి.

నా మట్టుకు దీనికన్నా వాన నీరు మేలు, అందులో ఫ్లోరైడ్ ఉండదు. 3 ఉన్న బోరు నీటితో సగానికి సగం కలిపినా 1.5కు దిగుతుంది. మీ మిద్దె మీద బొగ్గు పొడి ఉంది కాబట్టి మొదటి వాన పట్టకండి. వంద చదరపు మీటర్ల మిద్దె మీద ఒక మిల్లీమీటరు పడితే వంద లీటర్లు. మామూలు ఊళ్ళో రెండు మిల్లీమీటర్లు వదిలితే చాలు, మీరు అయిదు వదలండి, టైల్ నల్లబడటం ఆగిందో లేదో చూసుకుని పైపు తిప్పండి. తాగేముందు కాచాలి.

వర్ధా_గట్టు:

పై మాటలన్నీ సరే గానీ, నది ఊసే లేదు. వర్ధా గట్టు ఊళ్ళకు అదే పెద్ద బాధ, ఇదంతా ప్రాణహిత మీదుగా సిరొంచ దాకా పోయే నీరు. అక్కడ కూడా జనం రంగు చూసి మోసపోతారు. పేపర్ మిల్లు నీటి గోధుమ రంగు కట్టెలోని లిగ్నిన్‌ది. తొందరగా కుళ్ళదు కాబట్టి చాలా దూరం కనిపిస్తుంది. చేపలను చంపేది ఎక్కువగా రంగు కాదు, ఆక్సిజన్ తరుగుదల. నదిలో వదిలే నీటికి బీఓడీ (అందులోని మురికిని కుళ్ళబెట్టడానికి క్రిములు లాగేసే ఆక్సిజన్) హద్దు లీటరుకు 30 మిల్లీగ్రాములు. ఆగస్టులో పది పాళ్ళ నది నీటిలో ఒక పాలు కలిస్తే అది మూడు కింద తేలిపోతుంది. మేలో నది మడుగులుగా మిగిలినప్పుడు సగానికి సగం కలిస్తే పదిహేను. కంపెనీ రెండు నెలల్లోనూ హద్దు లోపలే ఉంటుంది, చేపలు మాత్రం మేలో చస్తాయి.

ఇంకొకటి. నీటిలో ఆక్సిజన్ తెల్లవారేముందు అన్నిటికన్నా తక్కువ, ఎండ వచ్చాక పాచి మళ్ళీ పెంచుతుంది. అధికారులు పదకొండింటికి వచ్చి కొలిస్తే లీటరుకు 6 మిల్లీగ్రాములు వస్తుంది, అయిదింటికి 2 ఉండి ఉంటుంది. నమూనా తెల్లవారుజామున తీయమని రాతపూర్వకంగా అడగండి. మాంగనీస్ సల్ఫేట్, ఆల్కలీ అయొడైడ్ గట్టు మీదే వేసి ఆక్సిజన్‌ను కట్టేయాలి. ఉత్త సీసాలో ల్యాబుకు తీసుకెళ్తే ఆ అంకెకు విలువ లేదు.

కంపెనీని తిడుతూ మన నాలాను మరచిపోవడం కూడా తప్పే. విరేచనాలు, కామెర్లు వచ్చేది పేపర్ మిల్లు నీటితో కాదు, శుద్ధి చేయకుండా కలిపే ఊరి మురుగుతో. బావికి వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడర్ వేసి, గంటాగాక కుళాయి దగ్గర క్లోరిన్ లీటరుకు 0.2 మిల్లీగ్రాములైనా మిగిలిందో లేదో చూడాలి. తెరిచి పెట్టిన సంచిలోది బలం పోయి ఉంటుంది, ఎంత వేసినా దండగ.

గాలి_లెక్క:

ఫిర్యాదు మరాఠీలో రాయండి, పని తొందరగా అవుతుంది. దుమ్ము, పొగకు ఒక కాగితం, 1981 గాలి చట్టం కింద. గని నీళ్ళు, నదికి వేరే కాగితం, 1974 నీటి చట్టం కింద. రెండూ మహారాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి చంద్రపూర్ ప్రాంతీయ కార్యాలయానికి. ఫ్లోరైడ్ కాగితం అక్కడికి పంపకండి, వాళ్ళది కాదు. అది జిల్లా పరిషత్ నీటి సరఫరా విభాగానికి, ప్రత్యామ్నాయ నీరు కావాలని.

"రోజూ దుమ్ము పడుతోంది" అని రాస్తే పక్కన పడేస్తారు. తేదీ, సమయం, గాలి దిక్కు, ఏ రోడ్డు, లారీకి టార్పాలిన్ ఉందా, ట్యాంకరు నీళ్ళు చల్లిందా, టైల్ ఫోటో, ఇవి పదిహేను రోజులవి పట్టికగా పెట్టండి. గాలి నాణ్యత చూపే సమీర్ యాప్‌లో చంద్రపూర్ స్టేషన్ అంకె చూసి మీ ఊరికి అన్వయించకండి, అది పట్టణం గాలి. మీ ఊళ్ళోనే ఇరవై నాలుగు గంటల కొలత అడగండి. 2009లోనే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి చంద్రపూర్‌ను తీవ్ర కాలుష్య ప్రాంతాల్లో చేర్చింది, ఆ మాట మొదటి పేరాలో ఉండాలి.

గనికి, సిమెంటు కంపెనీకి పర్యావరణ అనుమతి ఇచ్చినప్పుడు షరతులుంటాయి, ఆర్నెల్లకోసారి వాటి అమలు నివేదిక ఇవ్వాలి. అది వాళ్ళ వెబ్‌సైట్‌లో ఉండాలి, లేకపోతే సమాచార హక్కు కింద అడగండి. రోడ్డుకు నీళ్ళు చల్లడం, చెట్ల వరస, లారీ చక్రాలు కడిగే ఏర్పాటు, వీటిలో ఏది షరతుగా ఉందో చూసి ఆ నంబరే ఫిర్యాదులో రాయండి. పత్తి చేలు రోడ్డు పక్కనుంటే ఆకు మీద పొడి ఫోటో కూడా జత చేయండి, ఆకు రంధ్రాలు మూసుకుని దిగుబడి తగ్గుతుంది కాబట్టి వ్యవసాయ శాఖకూ ఒక నకలు పోవాలి. గ్రామసభ తీర్మానం నంబరు అన్ని కాగితాల మీదా ఒకటే ఉండేలా చూసుకోండి, ముట్టినట్టు ముద్ర వేయించుకున్నాకే అక్కడి నుంచి కదలండి.